1970 షెవెల్ ఎస్ఎస్‌కి టైర్లు: పద్నాలుగా, పదిహేనా, ఇరవయ్యా?

తమ్ముడూ, ముందు కారు కొన్నందుకు అభినందనలు. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 396, నాలుగు గేర్ల మన్సీ గేర్‌బాక్సు, 3.31 యాక్సిల్ (వెనక చక్రం ఒక్కసారి తిరగడానికి గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు 3.31 సార్లు తిరుగుతుంది), ఫ్యాక్టరీ 14 అంగుళాల రిమ్ములు. ఉండేది డాలస్‌లో. శని, ఆదివారాలు తిప్పుతావు, అప్పుడప్పుడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని హైవే మీదికి వెళ్తావు. అడిగినవి మూడు. పాత ఓనరు వేయించిన రేడియల్స్ మీద 1711 అని ఉంది, గుండీలు (ట్రెడ్) కొత్తవాటిలా ఉన్నాయి, ఉంచుకోవచ్చా? మార్చాల్సి వస్తే అప్పటి ఎఫ్70-14 లాంటివే వేయాలా, ఇప్పటి రేడియల్సా? ఫ్రెండ్ చెప్పినట్టు 20 అంగుళాల రిమ్ములకి వెళ్తే ఎలా ఉంటుంది?

మూడింటికీ జవాబు ఒక్క విషయంలోనే ఉంది. ఇలాంటి కారు టైరు రోడ్డు మీద అరిగి చావదు, వయసు మీద పడి చస్తుంది. నువ్వు ఏడాదికి రెండు వేల మైళ్లు తిప్పావనుకుందాం. మామూలు టైరు నలభై వేల మైళ్లు వచ్చినా, అది అరగడానికి ఇరవై ఏళ్లు పట్టాలి. రబ్బరు అన్నేళ్లు బతకదు. రోజువారీ కారుకి టైరు కొన్నట్టు దీనికి కొంటే, నీకు పనికిరాని గుణానికి డబ్బు పెట్టి, కావలసినదాన్ని వదులుకుంటావు.

1711తో మొదలుపెడదాం. టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నీవి 2011లో 17వ వారంలో తయారయ్యాయి. ఈ పూర్తి వరస టైరుకి ఒక వైపే ఉండొచ్చు, అందుకే బయట కనబడకపోతే కారు కిందికి దూరి లోపలి వైపు చూడాలి. నాలుగూ విడివిడిగా చూడు, రెండు 2011వి, రెండు ఇంకా పాతవి కూడా కావచ్చు. నాలుగుకి బదులు మూడే అంకెలు కనబడితే అది 2000కి ముందు టైరు. దాని మీద కారుని గ్యారేజీలోంచి బయటికి తీయడం కూడా వద్దు.

చాలా కార్ల కంపెనీలు ఆరేళ్లకే టైర్లు మార్చమంటాయి. టైర్ల కంపెనీల్లో చాలావరకు, పైకి ఎంత బాగున్నా పదేళ్లు దాటితే తీసేయమంటాయి. ఇది వ్యాపారం కోసం చెప్పే మాట అనుకోకు. రబ్బరు పగలకుండా అందులో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ, నలుగుతూ ఉంటేనే అవి లోపలి నుంచి పైకి వచ్చి రబ్బరుని కాపాడతాయి. నెలల తరబడి కదలకుండా నిలబడ్డ కారుకి ఆ కాపుదల దక్కదు. పైగా డాలస్ ఎండ. వేడి పెరిగేకొద్దీ రబ్బరు గట్టిపడటం, లోపలి స్టీలు బెల్టుల దగ్గర పట్టు వదలడం రెండూ తొందరగా జరుగుతాయి. లోపల జరిగేది బయటికి కనబడదు. గుండీలు నిండుగా ఉన్న టైరు 70 మైళ్ల వేగంలో ఉన్నట్టుండి పై పొర ఊడొస్తే, వెనక చక్రాలు నెట్టే షెవెల్‌ని దారిలో నిలబెట్టడం చెయ్యి తిరిగిన డ్రైవరుకే కష్టం.

2013లో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదం గుర్తుందా? ముఖ్య కారణం వేగమే అని దర్యాప్తు తేల్చింది. కానీ ఆ పోర్షే టైర్ల వయసు తొమ్మిదేళ్లని కూడా అందులోనే బయటపడింది. నీవి అంతకంటే పాతవి. పిల్లల్ని ఎక్కించుకునే కారు కాబట్టి ఇందులో బేరం లేదు. తీసేయి. రిమ్ములతో సహా ఎవరికో అమ్మేద్దామన్న ఆలోచన కూడా వద్దు.

నేనుండేది మిషిగన్‌లో. ఇక్కడ ఆటో కంపెనీల్లో మన తెలుగువాళ్లు బోలెడుమంది, వాళ్లలో ఈ పాత కార్ల పిచ్చి పట్టినవాళ్లూ తక్కువేం కాదు. ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరిగేటప్పుడు రోడ్డు పక్కన నిలబడితే ఎంత ఖరీదైన పెయింటు కింద ఎంత ముసలి టైర్లు ఉంటాయో చూడొచ్చు. ఇంజన్‌కి పది వేల డాలర్లు పెట్టినవాళ్లు కూడా టైరు దగ్గరికొచ్చేసరికి 'ఇంకా గుండీలున్నాయి కదా' అంటారు.

ఇప్పుడు సైజు సంగతి. నీ కారు ఎస్ఎస్ ప్యాకేజీతో ఫ్యాక్టరీ నుంచి 14 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు రిమ్ములు, తెల్ల అక్షరాల ఎఫ్70-14 టైర్లతో వచ్చింది. (అన్నట్టు, ఆ ఏడాది 396 అని బ్యాడ్జి ఉన్నా లోపలున్నది నిజానికి 402 ఘనపు అంగుళాల ఇంజన్. విడిభాగాలు ఆర్డరు చేసేటప్పుడు గుర్తుపెట్టుకో.) ఎఫ్ అంటే వెడల్పు అని చాలామంది అనుకుంటారు. కాదు, అది బరువు మోసే తరగతి. అక్షరం పెరిగేకొద్దీ టైరు పెద్దది, మోసే బరువూ ఎక్కువ. 70 అంటే టైరు పక్క ఎత్తు వెడల్పులో 70 శాతం. 14 రిమ్ము. అంతకు ముందు, 1964 పాంటియాక్ జీటీవో కాలంలో, 7.50-14 అని అంగుళాల్లోనే రాసేవారు. ఇప్పుడు మనం చూసే మిల్లీమీటర్ల లెక్క ఆ తర్వాత వచ్చింది.

ఎఫ్70-14కి ఇప్పటి లెక్కలో దగ్గరగా వచ్చేది 215/70ఆర్14, అంటే 215 మిల్లీమీటర్ల వెడల్పు, ఆర్ అంటే రేడియల్. ఎత్తు దాదాపు 25.9 అంగుళాలు. అసలు ఎఫ్70-14 దీనికంటే కాస్త ఎత్తు కాబట్టి, నిలబడే తీరు సరిగ్గా అప్పటిలా ఉండాలనుకునేవాళ్లు 225/70ఆర్14 వేస్తారు, అది 26.4 వస్తుంది. నీ రిమ్ముకి రెండూ పడతాయి.

అసలు రకం టైరు, అంటే అప్పటి పోత మీద ఇప్పుడు కొత్తగా తీస్తున్న పాలీగ్లాస్, వైడ్ ఓవల్ లాంటివి వేయొచ్చా? వేయొచ్చు, దొరుకుతాయి. టెనెసీలోని చాటనూగాలో కోకర్ టైర్ అనే సంస్థ ఉంది, ఇలాంటివాటికి అదే పెద్ద దిక్కు. కానీ అవి రేడియల్స్ కావని గుర్తుంచుకో. మన దగ్గర లారీలవాళ్లు 'నైలాన్ టైరు' అంటారే, ఆ కుటుంబం, వీటినే బయాస్ టైర్లు అంటారు. లోపలి దారాలు రేడియల్‌లోలా అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. పాలీగ్లాస్‌లో ఆ దారాల మీద ఫైబర్‌గ్లాస్ బెల్టులు అదనం. ఈ అమరికలో పక్క గోడా, నేలని పట్టే భాగమూ ఒకే ముక్కలా కదులుతాయి. అందుకే మలుపులో కారు ఒరిగితే టైరు అంచు నేల నుంచి లేస్తుంది. కాంక్రీటు హైవే మీద పొడవునా కోసిన గాడులుంటాయి కదా, టైరు వాటి వెంట పోవాలని చూస్తుంది, నువ్వు స్టీరింగ్ ఇటూ అటూ సర్దుతూనే ఉండాలి. రాత్రంతా నిలబెట్టిన చోట అడుగు కాస్త చదునై, పొద్దున మొదటి కొన్ని మైళ్లు దడదడమని కొట్టుకుంటుంది. కాస్త వేడెక్కాక మళ్లీ గుండ్రంగా అవుతుంది.

ఇవన్నీ లోపాలు కావు, ఆ కాలపు టైరు స్వభావం అంతే. కారుని ట్రైలర్ మీద పోటీలకి తీసుకెళ్లి, న్యాయనిర్ణేతలు టైరు మీది అక్షరాల్ని కూడా చూసి మార్కులు వేసే చోట నిలబెట్టాలంటే అవే కావాలి. నీ అవసరం అది కాదు. హైవే మీద పిల్లలతో వెళ్లే కారుకి రేడియల్సే వేయాలన్నది నా మాట. ఒకటి మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకు: ఒకే ఇరుసు మీద ఒక వైపు రేడియల్, ఇంకో వైపు బయాస్ పెట్టడం. ముందు రేడియల్స్, వెనక బయాస్ పెట్టడం కూడా అంతే ప్రమాదం, ముందు పట్టు ఎక్కువై వెనక భాగం తిరిగిపోతుంది.

ఇక నేను నిజంగా ఆలోచించమనేది రిమ్ము గురించి. 14 అంగుళాల్లో మంచి టైరు దొరకడం ఏటికేడూ కష్టమైపోతోంది. ఆ సైజు అమెరికా కొత్త కార్లలో దాదాపు పోయింది కాబట్టి కంపెనీలు కొత్త రబ్బరు, కొత్త డిజైన్లు అందులోకి తేవు. ఎప్పటి నుంచో ఉన్న ఒకటి రెండు రకాలే తిరిగి తిరిగి వస్తాయి. అమ్మకం తక్కువ కాబట్టి దుకాణానికి వచ్చేసరికే ఏడాది, రెండేళ్ల వయసు ఉన్నవి తగులుతాయి.

దీనికి జనరల్ మోటార్స్ వాళ్లే దారి చూపించి పెట్టారు. మరుసటి ఏడాది, 1971లో, షెవెల్ ఎస్ఎస్‌కి 15 అంగుళాలు, 7 వెడల్పు అయిదు ఊచల రిమ్ములు, ఎఫ్60-15 టైర్లు ఇచ్చారు. ఆ రిమ్ముకి ఇప్పుడు కొత్త నకళ్లు దొరుకుతాయి. బోల్టుల అమరిక అదే, 4.75 అంగుళాల వలయం మీద అయిదు. నీ కారుకి వేస్తే తెలిసినవాడు తప్ప ఎవరూ తేడా కనిపెట్టరు, కనిపెట్టినవాడు కూడా మెచ్చుకుంటాడు. ఎఫ్60-15కి ఇప్పటి సమానం 235/60ఆర్15. ఎత్తు 26.1 అంగుళాలు, అంటే నీ ఇప్పటి టైరుకి పావు అంగుళం తేడా. స్పీడోమీటర్ మారదు, కారు నిలబడే తీరు మారదు, నేలని పట్టే రబ్బరు వెడల్పు మాత్రం పెరుగుతుంది. పాత 14 రిమ్ముల్ని శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టు. ఎప్పుడైనా కారు అమ్మితే అవి కారుతోపాటే వెళ్లాలి, విలువ వాటిలో ఉంది.

వెనక ఇంకొంచెం కండ కావాలనిపిస్తే, వెనక మాత్రం 15కి 8 వెడల్పు రిమ్ము మీద 255/60ఆర్15 వేయడం షెవెల్ వాళ్లలో బాగా వాడుకలో ఉన్న జత. అప్పుడు వెనక ఎత్తు 27 అంగుళాలు అవుతుంది. దాని ఫలితం ఏమిటో లెక్క చూడు. 3.31 యాక్సిల్, నాలుగో గేరు నేరుగా ఒకటికి ఒకటి. 25.9 అంగుళాల టైరుతో 70 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి దాదాపు 3,000 సార్లు తిరుగుతుంది. 27 అంగుళాలతో 2,880 దగ్గర ఉంటుంది. హైవే మీద అది హాయి. బదులుగా సిగ్నల్ దగ్గర లాగుడు కాస్త మెత్తబడుతుంది, 415 పౌండ్-అడుగుల టార్క్ ఉన్న ఇంజన్‌కి అది పెద్ద లెక్కలోది కాదు. స్పీడోమీటర్ మాత్రం 70 చూపిస్తున్నప్పుడు నువ్వు నిజానికి 73 మీద ఉంటావు. గేర్‌బాక్సు వెనక స్పీడోమీటర్ కేబుల్ దగ్గర చిన్న ప్లాస్టిక్ గేరు ఉంటుంది. పళ్ల లెక్క మార్చి వేసుకుంటే సరిపోతుంది, డాలర్లలో చిన్న ఖర్చే.

కొనే ముందు కొలవాలి. నీ కారు యాభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఏ మూల ఎవరు సుత్తి పెట్టారో ఎవరికీ తెలియదు. ఇద్దరు షెవెల్ ఓనర్లకి సరిపోయిన టైరు మూడోవాడికి ఫెండర్ అంచుని కోసేయొచ్చు. వెనక చక్రం విప్పి, హబ్బు ముఖం నుంచి లోపలి వైపు ఛాసిస్ దాకా ఎంత జాగా ఉంది, బయటి వైపు ఫెండర్ లోపలి మడత దాకా ఎంత ఉంది కొలిచి రాసుకో. ముందు చక్రానికి స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, సస్పెన్షన్ కింద జాకీ పెట్టి పైకి లేపి కూడా చూడాలి. నేల మీద నిలబడ్డప్పుడు తగలనిది ముందు బ్రేకు కొట్టి గుంతలో పడినప్పుడు తగులుతుంది. రిమ్ము వెనక అంచు నుంచి బోల్టు ముఖం దాకా ఉండే దూరాన్ని బ్యాక్‌స్పేసింగ్ అంటారు. వెడల్పు కంటే చాలాసార్లు ఇదే కొంప ముంచుతుంది. ఆర్డరు చేసేటప్పుడు ఈ కొలత అడక్కుండా రిమ్ము అమ్ముతామనేవాళ్ల దగ్గర కొనకు.

ముందు చక్రాలకి 235 కంటే వెడల్పు వద్దు. పెద్ద బ్లాకు ఇంజన్ బరువంతా ముందే ఉంది, పార్కింగులో స్టీరింగ్ తిప్పడం కుస్తీ అయిపోతుంది, పైగా రోడ్డు వాలుకల్లా కారు లాగుతుంది.

ఇరవై అంగుళాల సంగతి. నీ స్నేహితుడి ముచ్చటని తప్పుపట్టను, అది ఇంకో రకం కారు అంతే. కానీ 27 అంగుళాల ఎత్తులో 20 రిమ్మే తినేస్తే టైరు పక్కకి మిగిలేది మూడున్నర అంగుళాలు. ఈ కారు సస్పెన్షన్ని గీసినవాళ్లు టైరు పక్క ఆరు అంగుళాలు మెత్తగా నలుగుతుందన్న నమ్మకంతో గీశారు. ఆ నలుగుడు పోతే ప్రతి అతుకు దెబ్బా బుష్‌లకి, బాల్ జాయింట్లకి, చివరికి నీ నడుముకి తగులుతుంది. పెద్ద రిమ్ము బరువు కూడా ఎక్కువ, ఆ బరువు స్ప్రింగులకి కింద ఉంటుంది కాబట్టి చక్రం రోడ్డుని వదిలేసి ఎగరడం పెరుగుతుంది.

మరీ ఆధునికమైన పట్టు కావాలంటే ఆగాల్సింది 17 దగ్గర. ముందు 245/45ఆర్17, వెనక 255/50ఆర్17 వేస్తే ఎత్తులు 25.7, 27 వస్తాయి, అంటే పాత కొలతలకి దగ్గరే. 17లో ఇప్పటి స్పోర్ట్స్ కార్లకి చేసే మంచి వేసవి టైర్లు దొరుకుతాయి. వాటి ముందు 15 అంగుళాల తెల్ల అక్షరాల టైరు ఏదీ నిలవదు, ముఖ్యంగా బ్రేకు కొట్టినప్పుడు, వానలో. పెద్ద డిస్క్ బ్రేకులు, కొత్త కంట్రోల్ ఆర్మ్‌లు, మందమైన స్వే బార్లు వేసి మలుపుల మీద తిప్పాలనుకునే కారుకి 17 సరైనది. నీ కారు సస్పెన్షన్ ఇంకా ఫ్యాక్టరీదే అన్నావు కాబట్టి ఇప్పుడే అటు వెళ్లకు. పట్టు ఒక్కటే పెంచితే మిగతావన్నీ దాని వెనక పరుగెత్తాలి.

15 అంగుళాల్లో ఏది కొనాలి? జనం మొదట చెప్పే పేరు బీఎఫ్‌గుడ్రిచ్ రేడియల్ టీఏ. చూడటానికి అంత సరైన టైరు ఇంకోటి లేదు, తెల్ల అక్షరాల పొందిక, భుజం గుండ్రం, అన్నీ ఆ కాలానివే. సైజులు కూడా ఎక్కువ. నాకు దాని మీద ఉన్న ఫిర్యాదు ఒకటే, తడి రోడ్డు. కొత్తలో పర్లేదు, నాలుగైదేళ్లు దాటాక రబ్బరు గట్టిపడి వానలో నమ్మకం పోతుంది. కూపర్ కోబ్రా రేడియల్ జీటీ అదే తరహాది. వేగం తరగతి ఒక మెట్టు పైన, టీఏ ఎస్ అయితే ఇది టీ. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్లు, టీ అంటే 190. నువ్వు అంత వేగం వెళ్తావని కాదు. పై తరగతి టైరు హైవే వేడిని కాస్త తేలిగ్గా తట్టుకుంటుంది. మైల్‌స్టార్ స్ట్రీట్‌స్టీల్ అని ఇంకోటి ఉంది, ధర తక్కువ. బడ్జెట్ బిగుతుగా ఉంటే పాత మంచి బ్రాండు కంటే కొత్త చవక టైరే మేలు. రెండేళ్ల పాత సరుకుని తగ్గింపు ధరకి ఇస్తామంటే ఆశపడకు, నువ్వు కొనేది రబ్బరుని కాదు, దానికి మిగిలిన ఏళ్లని. ఆర్డరు ఇచ్చేటప్పుడే 'తయారీ తేదీ ఏడాదిలోపు ఉండాలి' అని రాతలో అడుగు. బిగించకముందే నాలుగింటి అంకెలూ నీ కళ్లతో చూడు. బిగించాక వెనక్కి తీసుకోరు.

టైరు మీద ట్రెడ్‌వేర్ అని 400, 440 లాంటి అంకె ఉంటుంది. అరుగుదలకి ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. మీ ఇంటి టొయోటాకి అది చూసి కొనొచ్చు. ఇక్కడ ఎక్కువ అంకెకి మురిసిపోకు. గట్టి రబ్బరుకే ఎక్కువ అంకె వస్తుంది, నీ కారుకి అరగడం సమస్యే కాదు. రెండు టైర్లు మిగతా అన్నిటిలో సమానంగా ఉంటే తక్కువ అంకెదే తీసుకో. డ్రాగ్ రేడియల్స్ గురించి ఎవరైనా చెబితే, అవి పావు మైలు పందేనికి. వాన పడితే వాటి మీద ఇంటికి రావడం టెన్షన్.

బరువు మోసే అంకె కూడా ఒకసారి చూడు. 98 అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుంది. నీ కారు మొత్తం 1,700, 1,800 కిలోల మధ్య ఉంటుంది కాబట్టి ముందు బరువు ఎక్కువైనా సరిపోతుంది. ఈ సైజుల్లో ఇది సాధారణంగా ఇబ్బంది పెట్టదు.

ఇప్పుడు అసలు డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను. అలైన్‌మెంట్. నీ కారు షాపు మాన్యువల్‌లో ఉన్న కొలతలు బయాస్ టైర్ల కోసం రాసినవి. కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) దాదాపు సున్నా దగ్గర పెట్టమంటాయి, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వంగే కోణం) పైభాగం బయటికి వంగేలా పెట్టమంటాయి. పవర్ స్టీరింగ్ లేని కార్లు తేలిగ్గా తిరగడానికి, ఆ టైర్ల స్వభావానికి అది సరిపోయేది. రేడియల్స్ వేసి అదే కొలత ఉంచితే కారు తేలిపోతున్నట్టు ఉంటుంది. జనం దాన్ని టైరు తప్పు అనుకుని ఇంకో సెట్టు కొంటారు. అలైన్‌మెంట్ షాపువాడికి మాన్యువల్ కొలతలు కంప్యూటర్‌లో వస్తాయి, వాటిని పక్కన పెట్టమని చెప్పు. కాస్టర్ పాజిటివ్ మూడు డిగ్రీల దాకా, క్యాంబర్ సున్నా నుంచి నెగటివ్ అర డిగ్రీ లోపు, టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండటం) అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు మధ్య. ఫ్యాక్టరీ పై ఆర్మ్‌లతో, షిమ్ములు (పలచటి రేకు ముక్కలు) పెట్టి మూడు డిగ్రీలు రాకపోవచ్చు. వచ్చినంత తీసుకో. ఇంకా కావాలంటే ఆఫ్‌సెట్ షాఫ్టులు, కొత్త పై ఆర్మ్‌లు దొరుకుతాయి. అలైన్‌మెంట్‌కి ముందే బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, బుష్‌లు చూపించు. అవి వదులుగా ఉంటే కొత్త టైర్లు నెలల్లో ఒక అంచున గుండైపోతాయి, ఆ పాపం టైరుకి తగులుతుంది.

గాలి కూడా అంతే. అప్పటి స్టిక్కరు మీద ఉండే ఇరవైల్లోని అంకెలు బయాస్ టైర్లకి, మెత్తటి ప్రయాణానికి. రేడియల్‌కి చల్లగా ఉన్నప్పుడు 30 నుంచి 32 దగ్గర మొదలుపెట్టు, ముందు ఒకటి రెండు ఎక్కువ ఉన్నా పర్లేదు. టైరు పక్కన రాసిన అంకె గరిష్ఠం, అంత కొట్టించాలని కాదు. తర్వాత సుద్దముక్కతో టైరు మీద అడ్డంగా గీత గీసి, తిన్నగా ఉన్న రోడ్డు మీద కాసేపు నడిపి చూడు. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ.

బిగించే చోట దగ్గరుండు. చైన్ స్టోర్లలో కుర్రాళ్లు పాపం ఇలాంటి కారు ఎప్పుడూ చూసి ఉండరు. కారుని ఛాసిస్ కింద లేపాలి, ఫ్లోర్ రేకు కింద కాదు. బ్యాలెన్సింగ్ బరువులు రిమ్ము బయటి అంచుకి కొట్టకుండా లోపలి వైపు అంటించేవి వేయమను, లేకపోతే కొత్త రిమ్ము పెయింటు పోతుంది. నట్లు గన్నుతో బిగించనివ్వకు, టార్క్ రెంచ్‌తో 70 పౌండ్-అడుగుల దగ్గర బిగించి, యాభై మైళ్లు తిరిగాక మళ్లీ చూసుకో. ఇదంతా చదివే వాళ్లలో డాడ్జ్, ప్లిమత్ ఉన్నవాళ్లకి ఒక మాట: 1970 వరకూ క్రైస్లర్ కార్లకి ఎడమ వైపు చక్రాల నట్లు ఎడమ మరవి, అంటే తిరగేసి విప్పాలి. ఆ సంగతి తెలియని కుర్రాడు గన్ను పెడితే స్టడ్లు పుటుక్కుమని తెగుతాయి.

తెల్ల అక్షరాల మీద కొత్తలో నీలం పూత ఉంటుంది. ఎండలో తిప్పకముందే నీళ్లు పోసి, నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తీసేయి. పెట్రోలియం కలిసిన మెరుపు ద్రావకాలు టైరుకి పూయొద్దు. అక్షరాలు పసుపు రంగుకి తిరుగుతాయి, రబ్బరుకీ మంచిది కాదు. కారు నెల కంటే ఎక్కువ నిలబెట్టాల్సి వస్తే గాలి నాలుగైదు పౌండ్లు ఎక్కువ కొట్టించు, వీలైతే రెండు వారాలకోసారి కాసేపు తిప్పు. ఊరికే గ్యారేజీలో ముందుకీ వెనక్కీ జరపడం కాదు, టైరు వేడెక్కేదాకా. కరెంటు మోటార్లు కారు పక్కనే నడుస్తుంటే జరిపెయ్యి, వాటి నుంచి వచ్చే ఓజోను రబ్బరుని తినేస్తుంది.

చివరిగా డిక్కీలో ఉన్న స్టెప్నీ. పాత ఓనరు అసలు ఎఫ్70-14 ఒకటి అలాగే దాచి ఉంచాడన్నావు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఉంచుకో, కానీ దాని మీద నడపకు. వెనక 255 వేస్తే ఇంకో చిక్కు ఉంది. నీ వెనక యాక్సిల్‌లో పాజిట్రాక్షన్ (రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా చూసే ఏర్పాటు) ఉంటే, రెండు వైపులా ఎత్తు తేడా ఉన్న టైర్లతో నడిపినంతసేపూ లోపలి క్లచ్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూనే ఉంటాయి. వెనక పంక్చర్ అయితే స్టెప్నీ వేసుకుని మైళ్ల కొద్దీ పోకు. రోడ్డు పక్కకి తీసి టో ట్రక్కుని పిలువు, అదీ కారుని పూర్తిగా పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్. నాలుగూ ఒకే సైజు, 235/60ఆర్15 వేస్తే ఈ గొడవ లేదు. అయిదో రిమ్ముకీ అదే టైరు, అదే వారం తయారైనది కొనేసుకో.